బెంగళూరులో వీగన్ భోజనం దొరికే మంచి హోటల్‌ను వెతుక్కోవడం ఎలా?

మాంసం, గుడ్లతో పాటు పాలు, పెరుగు, నెయ్యి కూడా మానేసిన వీగన్లు బెంగళూరు రాగానే అడిగేది ఒకటే: "ఇక్కడ మంచి వీగన్ హోటళ్ల పేర్లు చెప్పండి." పేర్లు చెప్పడం పెద్ద పనేం కాదు. కానీ కోరమంగళ, ఇందిరానగర్‌లలో కేఫ్‌లు వస్తూ పోతూ ఉంటాయి, మెనూలు మారిపోతుంటాయి. పైగా మీరుండేది మారతహళ్లిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో అయితే ఆ ట్రాఫిక్‌లో రోజూ అంత దూరం వెళ్లి తినలేరు.

అందుకే ఇక్కడ పేర్ల కన్నా పద్ధతికే ఎక్కువ చోటిచ్చాను. మీ వీధి చివరి దర్శినిలో (నిలబడి తినే సెల్ఫ్ సర్వీస్ టిఫిన్ హోటల్లో), ఆఫీసు పక్క ఆంధ్రా మెస్‌లో ఏది తినొచ్చో మీరే తేల్చుకోగలగాలి.

1. ముందు మీ హద్దులు తేల్చుకోండి

కౌంటర్ దగ్గర నిలబడి ఆలోచిస్తే వెనకున్నవాళ్లు తోసేస్తారు. ఇంట్లో ఉండగానే ఈ ప్రశ్నలకు జవాబులు రాసుకోండి.

- నెయ్యి దోసె వేసిన పెనం మీదే మీ దోసె వేస్తే తింటారా?
- గుడ్డు బోండా, చికెన్ పకోడీ వేగిన నూనెలో వేగిన బజ్జీ తింటారా?
- మాంసం కూడా వండే హోటల్లో కూర్చుని తినగలరా?
- తేనె మానేశారా? (లెమన్ టీలో, సలాడ్‌లో చెప్పకుండా వేసేది ఇదే.)

వీటికి అందరి జవాబూ ఒకటిగా ఉండదు, ఉండక్కర్లేదు. ఒకే పెనం వద్దనుకుంటే బయట తినే చోట్లు బాగా తగ్గిపోతాయి. పర్వాలేదనుకుంటే బెంగళూరులో దాదాపు ప్రతి వీధిలో ఏదో ఒకటి దొరుకుతుంది.

పాలంటే అలర్జీ ఉన్నవాళ్ల సంగతి వేరు. దర్శిని పెనం మీద నెయ్యి, వెన్న ఎప్పుడూ అంటుకునే ఉంటాయి. అలర్జీ ఉంటే "నెయ్యి వేయకండి" అన్న మాట సరిపోదు. అలాంటివాళ్లు పెనం మీద చేసినవి మానేసి, ఆవిరి మీద ఉడికినవాటిని కూడా అడిగి తెలుసుకున్నాకే తినాలి.

2. పాలు ఏ దశలో కలుస్తాయో తెలుసుకోండి

ఈ గైడ్ మొత్తంలో ఒక్కటే గుర్తు పెట్టుకోమంటే ఇదే గుర్తు పెట్టుకోమంటాను. "ఇందులో పాలున్నాయా?" అని అడిగితే చాలామంది సప్లయర్లు "లేవు సార్" అనేస్తారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, గ్లాసులో పోసే పాల గురించి అనుకుంటారు. మీరు ఆలోచించాల్సింది అది ఎప్పుడు కలిసిందన్న దాని గురించి.

మొదట్లోనే కలిసేవి. పిండిలో, నానబెట్టడంలో కలిసిపోయినవి. రవ్వ ఇడ్లీలో పెరుగు, మంగళూరు బన్స్‌లో పెరుగు, గోళీ బజ్జెలో పెరుగు, మన మైసూర్ బజ్జీలో పెరుగు, నాన్‌లో పెరుగో పాలో. రవ్వ దోసెలో చాలాచోట్ల మజ్జిగ. వీటిని ఎవరూ తీసి ఇవ్వలేరు. అడగడం కూడా అనవసరం, వేరేది ఎంచుకోండి.

మధ్యలో కలిసేవి. గ్రేవీలో, పోపులో, పెద్ద గిన్నెలో వండేటప్పుడు పడేవి. బిసిబేళె బాత్, పొంగల్, కేసరి బాత్ పొద్దున్నే నెయ్యితో వండి పెట్టేస్తారు. ఖారా బాత్‌లోనూ (ఉప్మా) చాలాచోట్ల అంతే. నార్త్ ఇండియన్ గ్రేవీలదీ ఇదే కథ. వీటికి ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి.

చివర్లో పడేవి. దోసె మీద నెయ్యి, తట్టె ఇడ్లీ మీద వెన్న, అన్నం మీద నెయ్యి, రోటీ మీద బటర్, సలాడ్ మీద చీజ్. ఇవి ఒక్క మాటతో ఆగిపోతాయి. మీ వెతుకులాటంతా చివర్లో మాత్రమే పాలు చేరే వంటల చుట్టూ తిరగాలి.

ఏ మెనూ చూసినా ప్రతి వంటనూ ఈ మూడింట్లో ఒకదానిలో వేసుకోండి. కొన్నాళ్లకు మెనూ చూడగానే తెలిసిపోతుంది.

3. ఫోన్‌లో వెతికే వరుస

ముందు హ్యాపీకౌ యాప్ చూడండి. అది పూర్తి వీగన్, శాకాహారం, వీగన్ వంటలు కొన్ని దొరికేవి అని హోటళ్లను విడగొట్టి చూపిస్తుంది. పూర్తి వీగన్ చోటు దగ్గర్లో ఉంటే మీ అదృష్టం. అయినా బయల్దేరే ముందు ఫోన్ చేసి తెరిచి ఉందో లేదో కనుక్కోండి.

తర్వాత గూగుల్ మ్యాప్స్. హోటల్ పేజీలో రివ్యూల దగ్గర వెతికే పెట్టె ఉంటుంది. అందులో వీగన్, టోఫు, ఓట్ మిల్క్, ఘీ అన్న మాటలు కొట్టి చూడండి. కొత్త రివ్యూలు పైకి వచ్చేలా పెట్టుకోండి, మూడేళ్ల కిందటి పొగడ్త ఇప్పుడు పనికిరాదు. మెనూ ఫొటోలు కూడా చూడండి. ప్లేటు ఫొటోల్లో ఇడ్లీ మీద పసుపుపచ్చగా మెరిసే చుక్కలు కనిపిస్తే అక్కడ నెయ్యి అడగకుండానే వేస్తారని అర్థం.

స్విగ్గీ, జొమాటోల్లో 'వెజ్' ఫిల్టర్ పెట్టి నిశ్చింతగా ఉండకండి. మన దేశంలో ఆకుపచ్చ చుక్క ఉన్న ఆహారంలో పాలు, తేనె ఉండొచ్చు. ప్యాకెట్ల మీద వీగన్ గుర్తు వేరే ఉంది. కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎఐ 2022లో వీగన్ ఆహారానికి విడిగా నిబంధనలు తెచ్చింది.

పెద్ద చైన్లకు ఇంకో దారి ఉంది. 10 లేదా అంతకన్నా ఎక్కువ చోట్ల శాఖలున్న హోటళ్లు మెనూలో కేలరీలతో పాటు అలర్జీ కలిగించే పదార్థాలనూ చూపించాలని నిబంధన. ఆ జాబితాలో పాలు కూడా ఉంటాయి. చైన్ వెబ్‌సైట్‌లో అలర్జీ పట్టిక తెరిచి 'మిల్క్' అని లేని వంటలను ఏరుకోండి. గుడ్డు, చేప, రొయ్యల గడులూ చూడండి. తేనె మాత్రం ఆ పట్టికలో దొరకదు, అడగాల్సిందే.

4. ఫోన్ చేసి అడగండి

మధ్యాహ్నం ఒంటిగంటకు, రాత్రి ఎనిమిదికి ఫోన్ చేస్తే ఎవరూ సరిగ్గా చెప్పరు. పొద్దున పదకొండు ప్రాంతంలో, లేదా సాయంత్రం నాలుగైదు మధ్య చేయండి. వంటగదిలోకి వెళ్లి కనుక్కుని వచ్చే తీరిక అప్పుడే ఉంటుంది.

'వీగన్' అన్న మాటతో మొదలుపెట్టకండి. కొందరికి అది 'వెజ్' అని వినిపిస్తుంది, "ఆ సార్, ప్యూర్ వెజ్" అంటారు. పదార్థాల పేర్లతో అడగండి:

- పప్పు పోపు నూనెతోనా, నెయ్యితోనా?
- కూరల గ్రేవీలో క్రీమ్, పాలు, కోవా ఏమైనా కలిపి పెడతారా?
- రోటీ పిండిలో పాలు, పెరుగు కలుపుతారా?
- నెయ్యి లేకుండా విడిగా చేసిస్తారా?

చివరి ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి హోటల్ ఎలాంటిదో తెలిసిపోతుంది. "ఒక్క నిమిషం, మాస్టర్‌ను అడిగి చెప్తా" అన్నవాళ్ల దగ్గరికి ధైర్యంగా వెళ్లండి. ఏం అడిగినా వెంటనే "అన్నీ ఉంటాయి, రండి" అన్నవాళ్ల దగ్గర జాగ్రత్తగా ఉండాలి.

5. దర్శినిలో ఎలా తినాలి

బెంగళూరు దర్శినులు వీగన్లకు బాగా పనికొస్తాయి. ధర తక్కువ, వంట కళ్ల ముందే జరుగుతుంది, పెనం దగ్గర మాస్టర్‌తో నేరుగా మాట్లాడొచ్చు. ఇంత సౌకర్యం ఖరీదైన కేఫ్‌లో ఉండదు.

వరుస ఇలా పాటించండి. ముందు బిల్లు కట్టేచోట "నెయ్యి లేకుండా" అని చెప్పండి. కొన్నిచోట్ల టోకెన్ మీద రాసిస్తారు. తర్వాత ఆ టోకెన్ పెనం దగ్గర ఇచ్చేటప్పుడు మళ్లీ చెప్పండి. అసలు పని జరిగేది ఈ రెండోసారి చెప్పడంలోనే. పిండి పెనం మీద పడకముందే మీ మాట మాస్టర్ చెవిన పడాలి. దోసె పరిచాక నెయ్యి చెంచా తిరగడానికి ఎంతోసేపు పట్టదు.

కన్నడలో నాలుగు వాక్యాలు నేర్చుకోండి. మనవాళ్లకు ఇది కష్టమేం కాదు:

- "తుప్ప బేడ, ఎణ్ణె హాకి." (నెయ్యి వద్దు, నూనె వేయండి.)
- "మేలె బెణ్ణె హాకబేడి." (పైన వెన్న వేయకండి.)
- "చట్నీగె మొసరు హాకిద్దీరా?" (చట్నీలో పెరుగు వేశారా?)
- "హాలు హాకదె కొడి." (పాలు పోయకుండా ఇవ్వండి.)

మామూలుగా ఇబ్బంది లేనివి: ఇడ్లీ, ఉద్దిన వడ (మినప గారె), నూనెతో ఖాళీ దోసె (లోపల కూర లేని మెత్తటి దోసె), నూనెతో మసాలా దోసె, పూరీ సాగు, అక్కి రొట్టె (బియ్యప్పిండి రొట్టె), నీర్ దోసె, చిత్రాన్న (నిమ్మకాయ పులిహోర లాంటిది), పులియోగరె (చింతపండు పులిహోర), కోసంబరి (పెసరపప్పు సలాడ్). సాంబారు చాలాచోట్ల నూనె పోపే. రసం పోపు మాత్రం అడగండి.

అడిగాకే తినాల్సినవి: సెట్ దోసె (కొందరు పిండిలో పెరుగు కలుపుతారు), వాంగీ బాత్ (వంకాయ అన్నం), పలావ్, మద్దూరు వడ, కొబ్బరి చట్నీ.

వదిలేయాల్సినవి: రవ్వ ఇడ్లీ, కేసరి బాత్, పొంగల్, బిసిబేళె బాత్, బెణ్ణె దోసె.

పేరున్న పాత హోటళ్ల గురించి ఒక మాట. మల్లేశ్వరంలోని సీటీఆర్‌కు బెణ్ణె మసాలె దోసెతోనే పేరొచ్చింది. 1924 నుంచి ఉన్న ఎంటీఆర్‌లో రవ్వ ఇడ్లీ, పక్కన నెయ్యి గిన్నె ప్రసిద్ధి. స్నేహితులు అక్కడికి లాక్కెళ్తే వెళ్లండి, కానీ ఆ ప్రసిద్ధమైనవి మీకోసం కావని ముందే అనుకోండి. శంకరపురంలోని బ్రాహ్మిన్స్ కాఫీ బార్‌లో ఇడ్లీ, వడ, చట్నీ మీ దారికి దగ్గరగా ఉంటాయి. చట్నీ గురించి అడిగి తినండి.

చలికాలంలో అనపగింజల సీజన్ వస్తే మాత్రం అస్సలు వదులుకోకండి. అవరెకాళు (అనపగింజలు) వేసిన అక్కి రొట్టె, ఉప్పిట్టు (ఉప్మా), సారు (చారు) వీవీ పురం చుట్టుపక్కల, చాలా దర్శినుల్లో కనిపిస్తాయి. నూనెతో చేయమని చెబితే చాలు, అంతకన్నా మంచి వీగన్ టిఫిన్ ఈ ఊళ్లో లేదని నా గట్టి నమ్మకం.

6. ఆంధ్రా మెస్‌లో ఎలా తినాలి

ఇక్కడ భాష సమస్య లేదు, అదే పెద్ద బలం. బీటీఎం, మారతహళ్లి, బెల్లందూరు, వైట్‌ఫీల్డ్ వైపు మన మెస్‌లకు కొదవ లేదు. చిక్కల్లా వడ్డన వేగంతోనే. అన్నం పడీ పడగానే పొడి, దాని మీద నెయ్యి పడిపోతాయి. కాబట్టి కూర్చోగానే, ఆకు వేయకముందే చెప్పండి: "అన్నా, నాకు నెయ్యి, పెరుగు, మజ్జిగ ఏవీ వద్దు. పొడిలోకి నూనె ఇవ్వండి."

కంది పొడిలోకి నువ్వుల నూనె అడగడం మనకు కొత్త కాదు, వాళ్లకూ వింతగా ఉండదు. ముద్దపప్పు, ఆవకాయ కూడా అంతే.

ప్లేటులో ఒక్కొక్కటీ చూసుకోండి:

- పప్పు: పోపు నూనెదేనా అని అడగండి. గోంగూర పప్పు, టమాటా పప్పు సాధారణంగా నూనె పోపే.
- వేపుళ్లు: దొండకాయ, బెండకాయ, ఆలు. ఇవి నిశ్చింతగా తినొచ్చు.
- కూరలు: సొరకాయ, బీరకాయ కూరల్లో పాలు పోసే అలవాటుంది. తప్పకుండా అడగండి. గుత్తి వంకాయలో పల్లీలు, నువ్వులే ఉంటాయి.
- పచ్చళ్లు: గోంగూర, టమాటా, దోసకాయ బాగుంటాయి. పెరుగు పచ్చడి పక్కన పెట్టండి.
- పులుసు: పప్పుచారు సరే, మజ్జిగ పులుసు వద్దు.
- వడియాలు, అప్పడం సరే. చల్ల మిరపకాయలు మజ్జిగలో ఊరినవి. ఇది చాలామందికి తట్టదు.
- స్వీటు: దాదాపు ఎప్పుడూ నెయ్యే. వదిలేయండి.

పెరుగు వద్దన్నప్పుడు బదులుగా ఇంకొంచెం వేపుడో పప్పో వేయమనండి. అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

టిఫిన్లలో పెసరట్టు, అల్లం చట్నీ అన్నిటికన్నా మంచివి. లోపల ఉప్మా నెయ్యితో చేశారేమో అడగండి, అనుమానంగా ఉంటే ఉల్లి పెసరట్టు చెప్పండి. మిర్చి బజ్జీ, గారెలు బాగుంటాయి. పునుగులు దోసె పిండితో చేస్తే సరే, మైదాలో పెరుగు కలిపి చేస్తే కాదు. నెయ్యి కారం దోసె బోర్డు మీద ఉన్నచోట నూనె కారం దోసె వేసిమ్మంటే వేస్తారు.

వెజ్ బిర్యానీ జోలికి పోకండి. మసాలాలో పెరుగు, పైన నెయ్యి, పక్కన రైతా. మాంసం వండే హోటల్ అయితే పక్కన పోసే గ్రేవీ ఏ గ్రేవీయో కూడా అడగాల్సి వస్తుంది.

మన మెస్ విసుగు పుడితే ఉత్తర కర్ణాటక ఖానావళికి (అక్కడి మెస్‌కు) వెళ్లండి. జొన్న రొట్టె, ఎణ్ణెగాయి (గుత్తి వంకాయ కూర), మొలకల పల్య (కూర), శేంగా (పల్లీ) చట్నీ పొడి. రొట్టె మీద వెన్న, పొడి మీద పెరుగు వద్దని చెప్పి నూనె వేయించుకుంటే భోజనమంతా మీదే. రాగి ముద్ద, సొప్పిన సారు (ఆకుకూరల పులుసు) దొరికే శాకాహార హోటళ్లూ ఇలాంటివే. ముద్ద మీద నెయ్యి ఒక్కటే ఆపాలి.

7. నార్త్ ఇండియన్, చైనీస్, కేఫ్‌లు

నార్త్ ఇండియన్ వంటగదుల్లో గ్రేవీలు ముందే చేసి పెడతారు. తెల్ల గ్రేవీ అంటే జీడిపప్పుతో పాటు క్రీమో, పాలో, కోవానో. మఖనీ అంటే వెన్న. మీరు ఆర్డర్ ఇచ్చేటప్పుడు "క్రీమ్ వద్దు" అంటే పైన వేసే ఆ రెండు చుక్కలే ఆగుతాయి. ఉల్లి, టమాటాతో చేసే గ్రేవీ ఉందా, అది నూనెతో చేసిందేనా అని అడగండి. చనా మసాలా, ఆలూ గోబీ, భిండీ, నూనె పోపుతో దాల్ తడ్కా, బటర్ లేని తందూరీ రోటీ. ఇంతవరకే పెట్టుకోండి.

చైనీస్‌లో నూడుల్స్ గుడ్డు కలిపినవా అని, సూప్‌లో చికెన్ నీళ్లు పోశారా అని అడగాలి. థాయ్ కర్రీ పేస్ట్‌లో రొయ్యలు, ఫిష్ సాస్ ఉండొచ్చు. బర్మా బర్మా లాంటి శాకాహార చైన్‌లో ఆ బెడద లేదు, కొబ్బరిపాల ఖావ్ సూయే గురించి అడిగి చూడండి. లెబనీస్ అయితే హమ్మస్, ఫలాఫెల్ తేలిక. తెల్లటి వెల్లుల్లి సాస్‌లో గుడ్డు మయోనైజ్ ఉంటుందేమో కనుక్కోండి.

కాఫీ చైన్లలో ఓట్, సోయా, బాదం పాలు అదనపు ధరకు దొరుకుతాయి. దర్శినిలో బ్లాక్ కాఫీ, లెమన్ టీ ఉన్నాయి. కషాయమంటే పాలు లేవనుకోకండి, ఇక్కడ చాలాచోట్ల పాలు పోసే ఇస్తారు. ఆఫీసు మెషీన్‌లో 'నాన్ డెయిరీ' అని రాసిన పొడిలో కూడా పాల నుంచి తీసిన కేసినేట్ ఉండొచ్చు, ప్యాకెట్ చదవండి.

సంప్రదాయ అయ్యంగార్ బేకరీల్లో గుడ్డు ఉండదు, అయినా అడగండి. పాలు, వెన్న, పాలపొడి ఉంటాయి.

8. తరచుగా జరిగే పొరపాట్లు, సరిచేసుకునే తీరు

"జైన్ ఫుడ్ చెప్పాను కదా." జైన్ వంటలో ఉల్లి, వెల్లుల్లి ఉండవు, పాలు ఉంటాయి. సాత్వికం, ఎగ్‌లెస్, ప్యూర్ వెజ్ అన్నవీ అంతే.

మొదటిసారే డెలివరీ తెప్పించుకోవడం. కొత్త హోటల్‌కు ముందు మీరే స్వయంగా వెళ్లండి. వాళ్లు మాట వింటారని తెలిశాక ఆర్డర్ పెట్టండి, వంట సూచనల గడిలో "నో ఘీ, నో బటర్, నో కర్డ్, ఓన్లీ ఆయిల్" అని పొట్టిగా రాయండి. పొడుగు వివరణ ఎవరూ చదవరు.

నెయ్యి పడిపోయాక గొడవపడటం. "పొరపాటున పడింది, ఇంకోటి నూనెతో వేసిస్తారా?" అని అడగండి. రద్దీ లేని వేళైతే చాలామంది వేసిస్తారు. మీరు మొదట్లో చెప్పడం మరిచిపోయి ఉంటే రెండోదానికి డబ్బు ఇచ్చేయండి.

ఒకసారి బాగుందని ఎప్పటికీ బాగుంటుందనుకోవడం. మాస్టర్ మారితే వంట మారుతుంది. నెలకోసారైనా మళ్లీ అడగండి.

9. మీ సొంత జాబితా తయారు చేసుకోండి

గూగుల్ మ్యాప్స్‌లో 'సేవ్' చేసేటప్పుడు కింద నోట్ రాసుకునే వీలుంటుంది. ప్రతి హోటల్‌కు ఇవి రాయండి:

- ఏ వంట తిన్నారు, ఏం చెప్పి చేయించుకున్నారు
- చట్నీ, పోపు సంగతి
- ఏ వేళ ఖాళీగా ఉంటుంది
- చివరిసారి అడిగిన తేదీ

ఇంటి దగ్గర రెండు, ఆఫీసు దగ్గర రెండు, ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు అందరూ కలిసి తినగలిగేది ఒకటి. ముందు ఇంతవరకు చేసుకోండి. ఆఫీసు పార్టీకి మాత్రం హోటల్ మీరే సూచించండి. ఎవరో ఎంచిన బఫేలో గిన్నెల మధ్య తిరిగి ఏరుకోవడం కన్నా, మీ జాబితాలో అందరికీ నచ్చే ఆంధ్రా హోటల్ పేరు గ్రూపులో ముందుగా పెట్టేయడం తేలిక. బుక్ చేసేటప్పుడే ఒక ప్లేటు నెయ్యి, పెరుగు లేకుండా కావాలని చెప్పి, బయల్దేరే ముందు ఇంకోసారి ఫోన్ చేసి గుర్తు చేయండి.